ఎద్దు పేర రాస్తే చెల్లదు

నమస్కారం. దేవరకొండ దిక్కు మా పెద్దనాయనకు ఒక ఎద్దు ఉండేది. కాడి మోసీ మోసీ మెడ మీద కాయ కాసింది, ముందరి కాలు కుంటేది. ట్రాక్టర్లొచ్చాక దానికి పనే లేదు, అయినా పొద్దున్నే కుడితి గోలెం దగ్గరికొచ్చి నిలబడితే ఆయనే చేత్తో తౌడు కలిపి పెట్టేవాడు. "నేను పోయినంక దీన్ని సంతకు తోలకుండ్రి" అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. నాకూ చెప్పాడు, నేనూ ఊఁ కొట్టాను. దినాలైన రెండో వారమే ఎద్దు సంతకు పోయింది. కొడుకులను ఏమంటాం? ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు ముంబైలో, గడ్డి వేసేదెవరు? తోలుకొచ్చుకోవాలని నాకూ తోచలేదు, ఆ మాట దాచి మీకు నీతులు చెప్పలేను.

ఆయన మాటను వీలునామాగా కాగితం మీద పెట్టి ఉంటే ఎట్లుండేది, అదే ఇవాళ్టి ముచ్చట.

ముందు ఒకటి తెలుసుకోండి, ఎద్దు పేర రెండు గుంటలు రాస్తానంటే చెల్లదు. మన చట్టం లెక్కలో పశువే ఒక ఆస్తి, దానికి మళ్లీ ఆస్తి ఉండదు. రాసేది దాన్ని సాకే మనిషికో, జంతువులను చూసే సంస్థకో రాయాలి. సంస్థకైతే రిజిస్టరైన పూర్తి పేరు, నంబరు, చిరునామా ఉండాలి. ఉత్తగా "గోశాలకు" అని రాసిపోతే ఏ గోశాల అని మీ పిల్లలు కోర్టు మెట్లెక్కుతారు. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్ లాంటి పేరున్న సంస్థలున్నాయి, మన చుట్టుపక్కల చిన్నవి కూడా ఉంటాయి. దేనికి రాసినా, చెప్పకుండా ఒకసారి పోయి నీళ్ల తొట్టి చూడండి. బోర్డు కంటే, గోడ మీది దాతల పేర్ల కంటే నాకు ఆ తొట్టి మీదే నమ్మకం.

కాగితం సంగతికొస్తే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాకు తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే రేపటి కొట్లాటలు తగ్గుతాయి. మీరు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి, వాళ్లు మీ ఎదుటే పెట్టాలి. తర్వాత ఇళ్ల చుట్టూ తిరిగి సంతకాలు పోగేసుకుంటే అక్కడే బెడిసికొడుతుంది. ఉమ్మడి ఆస్తిలో అన్నదమ్ముల వాటా మీరు రాయలేరు, మీ వాటా, మీ స్వార్జితం రాయొచ్చు. ముస్లింలకు లెక్క వేరు, మూడో వంతుకు మించి రాస్తే వారసులు ఒప్పుకోవాలి. బ్యాంకులో నామినీ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి, నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప యజమాని కాదు.

ఎంత రాయాలంటే, నన్నడిగితే ఇంత రూపాయలని కాకుండా ఉన్నదాంట్లో ఇన్నో వంతు అని రాయడం మేలు. పదేళ్లు పోతే యాభై వేలకు ఎన్ని గడ్డిమోపులొస్తాయో ఎవరికెరుక! ఆ సంస్థ మూతపడితే ఎవరికి పోవాలో కూడా ఒక ముక్క రాయండి.

నేను ఇరవయ్యో వంతు రాశాను. నా కొడుక్కి చెబితే "అమ్మా, కుక్కలకా?" అన్నాడు. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి, మన వీధి కుక్కకు ఆపరేషన్ చేసినోళ్లకేనా అని అడిగాడు. అవునురా, వాళ్లకే అన్నాను.