మౌంజారో గొడవ సరే, మీ నాన్న మింగే షుగర్ బిళ్ళ సంగతేంటి?

నమస్తే అండీ, బెంగళూరు నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశా. 2025 మార్చిలో మౌంజారో అనే షుగర్, బరువు తగ్గించే ఇంజెక్షన్ ఇండియాకొచ్చిన దగ్గర్నుంచి ఒకటే రచ్చ, ఆకలి చచ్చిపోతోంది, కండ కరిగిపోతోంది అని. నిజమే, రెండు ముద్దలకే కడుపు నిండిపోతే ప్రోటీన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ నా కోపం దాని మీద కాదు. వేలు పోసి కొనే ఇంజెక్షన్ మీద ఇంత చర్చ, ఇంటింటా ఉండే షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ మీద ఒక్క మాట లేదేంటి?

ఆ మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో బీ12 అనే విటమిన్ తగ్గిపోవచ్చు. ఇది నేను చెప్తున్నది కాదు, బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లోనే చెప్పింది, పదిమందిలో ఒకరి దాకా రావచ్చని, డోసు పెరిగేకొద్దీ రిస్క్ ఎక్కువని. లివర్లో బీ12 నిల్వ ఉంటుంది కాబట్టి వెంటనే తెలీదు, ఏళ్ళకి బయటపడుతుంది. అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు, నీరసం, మతిమరుపు. అప్పుడేమంటారు? షుగర్ నరాలకెక్కింది అంటారు! మా పిన్నికి అదే మాట చెప్పి పంపించేశారు, బీ12 టెస్ట్ ఊసే లేదు, మేమే అడిగి చేయించుకుంటే బాగా తక్కువుందని తేలింది.

ఇప్పుడు నా థియరీ వినండి. మనవాళ్ళలో అసలు దెబ్బ కొట్టేది ఈ బిళ్ళకి గ్యాస్ బిళ్ళ తోడవ్వడం. మారతహళ్ళిలో ఏ మెడికల్ షాపుకైనా వెళ్ళండి, చీటీ లేకుండా పాంటోప్రజోల్ చేతిలో పెట్టేస్తారు, రాత్రి పదకొండుకి బిర్యానీ, పొద్దున్నే పరగడుపున బిళ్ళ, ఇదే మన ఐటీ బతుకు. తిండిలోంచి బీ12 విడిపోవాలంటే కడుపులో యాసిడ్ కావాలి, ఆ బిళ్ళ యాసిడ్‌నే తగ్గిస్తుంది, మెట్‌ఫార్మిన్ ఏమో పేగులో ఎక్కనివ్వదు. పైగా శాకాహారులైతే బీ12 వచ్చేదే పాలూ పెరుగుల్లోంచి, అదీ షుగరని తగ్గించేస్తారు, ఇంకేం మిగిలింది చెప్పండి!

అలాగని మెట్‌ఫార్మిన్ ఆపెయ్యొద్దు అండీ, దండం పెడతా, అది మంచి మందు, ఆపితే షుగర్ ఎక్కడికో పోతుంది. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు బీ12 కూడా చూడమని డాక్టర్ని నోరు తెరిచి అడగండి, ఆ గ్యాస్ బిళ్ళ ఇంకా అవసరమా అని కూడా. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళకి బీ12 టెస్ట్ ఎప్పుడైనా రాశారా లేదా కామెంట్లో పెట్టండి, అన్నీ చదువుతా.