నీలి మంట పక్కన పసుపు కావడి

అందరికీ నమస్కారం.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను. "గంధకం గాలిలో నీలి మంటతో మండును" అన్న వాక్యం బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. గరిటెలో చిటికెడు గంధకం వేసి, స్పిరిట్ దీపం మీద పెట్టి చూపించేదాన్ని. ఆ నీలం కనిపించీ కనిపించకముందే క్లాసంతా దగ్గు. కిటికీలు తీయించి, ఆ ఘాటే సల్ఫర్ డై ఆక్సైడ్ అని చెప్పి పాఠం ముగించేదాన్ని. రిటైరయిన మరుసటి ఏడు, అదే మంట మనిషెత్తున లేవడం కళ్లారా చూశాను.

ఆ చోటు ఇండోనేషియాలో, జావా దీవి తూర్పు కొసన, బన్యువాంగి దగ్గర ఉంది. కొండ పేరు కవా ఇజెన్. కవా అంటే అగ్నిపర్వత బిలం. బాలీ చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది రాత్రికి రాత్రి జలసంధి దాటి, కొండెక్కి, మర్నాడు తిరిగొచ్చేస్తారు. నేనూ మా తమ్ముడూ అలాగే వెళ్లాం.

అసలు అక్కడ నిప్పెందుకుంది? మన దేశం వైపు నుంచి ఆస్ట్రేలియా దాకా పరచుకున్న భూఫలకం, అంటే భూమి పైపెంకులోని పెద్ద పలక, జావాకు దక్షిణాన సముద్రం అడుగున, మరో ఫలకం కిందికి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరుతోంది. రాతితో పాటు నీరూ లోతుకు పోతుంది. ఆ నీరు చేరితే పైనున్న వేడి రాయి కరుగుతుంది. కరిగినది పైకి తన్నుకొచ్చిన చోటల్లా ఒక అగ్నిపర్వతం. ఇండోనేషియాలో సజీవమైనవే సుమారు 127 ఉన్నాయి. ఈ అంచే ఉత్తరంగా సుమత్రా మీదుగా అండమాన్ దాకా వస్తుంది. మన దేశంలో ఉన్న ఒకే ఒక్క సజీవ అగ్నిపర్వతం, బ్యారెన్ దీవి, ఈ వరుసలోదే. 2004 డిసెంబర్ 26న కదిలిందీ ఈ అంచే. ఆ రోజు మన తీరంలో అలలకు కొట్టుకుపోయినవాళ్లను తలచుకుంటే, జావా నాకు పరాయి చోటు అనిపించదు.

పల్టుడింగ్ అనే చోట జీపు దిగేసరికి రాత్రి రెండయింది. అక్కడికే 1,850 మీటర్ల ఎత్తు. ఉష్ణమండలమే అయినా వణికించే చలి. బిలం అంచు దాకా మూడు కిలోమీటర్ల ఎక్కుడు. దారి పక్కన సరుగుడు చెట్లు! మన సముద్రపు ఒడ్డు సరుగుడుకు చుట్టమే, కొండల మీద పెరిగే రకం. చీకట్లో గాలికి అదే హోరు. కాసేపు బాపట్ల తీరంలో ఉన్నట్టే అనిపించింది.

అంచు నుంచి లోపలికి దిగడం అసలు కష్టం. దారి అంటే రాళ్ల మీద రాళ్లు, అంతే. అడుగున పగుళ్లలోంచి వచ్చే వాయువుల వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. గాలి తగలగానే అంటుకుంటాయి. ఆ మంట నీలం మన గ్యాస్ స్టవ్ నీలం కాదు, ఇంకా చిక్కటిది, వంగపండు రంగు కలిసినది. తెల్లారితే ఇక కనపడదు, అందుకే ఈ అర్ధరాత్రి నడక. చాలామంది దాన్ని నీలి లావా అంటారు. లావా అంటే కరిగిన రాయి. ఇక్కడ మండేది గంధకం.

మంట పక్కనే పని జరుగుతోంది. పగుళ్ల ఆవిరిని గనివాళ్లు గొట్టాల్లోకి మళ్లిస్తారు. లోపల చల్లబడి గంధకం ద్రవమవుతుంది, గొట్టం కొసన ముదురు బెల్లంపాకంలా ఎర్రగా కారుతుంది. నేల మీద గడ్డకట్టేసరికి పసుపు రంగు. పలుగుతో పొడిచి పెళ్లలు తీసి, రెండు వెదురు బుట్టల్లో పేర్చి, బద్దకు తగిలించి భుజానికెత్తుకుంటారు. అచ్చం మన కావడి. ఒక్కో కావడి 70 నుంచి 90 కిలోలు. దానితో బిలం లోంచి పైకెక్కాలి. అంచు చేరాక కొందరు బరువును ట్రోలీ బండ్లలోకి మార్చుకుంటున్నారు. లోపలి ఎక్కుడు మాత్రం ఇప్పటికీ భుజం మీదే.

ఇంతలో గాలి మా వైపు తిరిగింది. క్షణంలో తెల్లటి పొగ కమ్మేసింది, నా చెయ్యి నాకే కనపడలేదు. టూర్ వాళ్లు ఇచ్చిన మాస్కులో ఫిల్టర్ పాతబడిపోయిందని అప్పుడు తెలిసింది. కళ్లలో కారం చల్లినట్టుంది, ఊపిరి అందలేదు. "అక్కా, కదలకు, నా చెయ్యి పట్టుకో" అంటున్నాడు తమ్ముడు. వాడి గొంతులో అంత టెన్షన్ నేనెప్పుడూ వినలేదు. నోట్లో తడిగుడ్డ కరిచిపట్టుకున్న గనివాడొకాయన పొగలోంచి వచ్చి, తన సీసాలో నీళ్లు నా చేతిరుమాలు మీద పోసి, ముక్కుకు అదిమిపెట్టుకోమని సైగ చేశాడు. ఆ వాయువు నీళ్లలో కరుగుతుంది, కొంత గుడ్డే పీల్చేస్తుంది. కంటి తడిలో కరిగి ఆమ్లమయ్యేదీ అదే, మంట పుట్టేది అందుకే. నేను సమీకరణంగా రాసిన సంగతిని ఆయన రోజూ ఊపిరితో నేర్చుకున్నాడు. అక్కడ పెద్దవాళ్లను 'పాక్' అని పిలుస్తారు, మన 'అయ్యా' లాగా. "తెరిమా కసిహ్, పాక్" అన్నాను. ఆ కృతజ్ఞత మాటొక్కటే నాకొచ్చిన ఇండోనేషియా భాష.

తెల్లారాక సరస్సు కనిపించింది. నెమలి కంఠం రంగు, దాదాపు కిలోమీటరు వెడల్పు. నీళ్లనుకుంటే పొరపాటు. హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు కలిసిన ద్రావణం, పీహెచ్ 0.5 కన్నా తక్కువ. పీహెచ్ ఎంత తగ్గితే ఆమ్లం అంత తీవ్రం, నిమ్మరసం పీహెచ్ సుమారు 2. ఇంత తీవ్రమైన ఆమ్ల సరస్సుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. దీన్నుంచి పుట్టే ఏటి పేరు బన్యుపహిత్, అంటే చేదునీరు.

ఆ అందాన్ని నమ్మకూడదు. 2018 మార్చిలో బిలం నుంచి ఉన్నట్టుండి విషవాయువు దిగి, కింది ఊళ్ల జనం ఆసుపత్రి పాలయ్యారు. 2024 ఏప్రిల్‌లో ఫొటో కోసం అంచున నిలబడిన పర్యాటకురాలు జారిపడి చనిపోయింది. ఆ దేశపు అగ్నిపర్వత శాఖ ప్రతి కొండకూ నాలుగు మెట్ల హెచ్చరిక ప్రకటిస్తుంది: నోర్మల్ (మామూలు), వాస్పద (జాగ్రత్త), సియాగ (సిద్ధంగా ఉండండి), ఆవాస్ (ప్రమాదం). టికెట్ కొన్నాం కదా, ఇంత దూరం వచ్చాం కదా అని ఆ హెచ్చరికను కొట్టిపారేయడం నా దృష్టిలో తప్పు.

నన్ను బాధపెట్టిన విషయం ఇంకొకటి. కావడితో ఎక్కే మనిషి ముందు దారి మధ్యలో నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్లను చూశాను. 80 కిలోలతో ఆ రాళ్ల మీద ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో! తూర్పు జావా చక్కెర మిల్లుల్లో ఆ గంధకం వాడతారు. మన మిల్లుల్లోనూ గంధకం కాల్చిన పొగతోనే చెరకు రసాన్ని తెల్లబరుస్తారు, కాకపోతే ఇప్పుడు ప్రపంచంలో గంధకం ఎక్కువగా పెట్రోలియం శుద్ధిలోంచి వస్తోంది. ఇజెన్‌లో మాత్రం ఇంకా మనిషి మోస్తున్నాడు. కిలోకి మన డబ్బులో ఆరేడు రూపాయలు దక్కుతుందని చెప్పారు.

వచ్చే సెలవుల్లో మా తమ్ముడి కూతురు వెళ్తానంటోంది. వద్దనలేదు. తనతో వెళ్లే, ఉబ్బసం ఉన్న స్నేహితురాలిని అంచు దగ్గరే ఉండమన్నాను. మాస్కు ఫిల్టర్ ముందే విప్పి చూసుకోమన్నాను, తడి రుమాలు జేబులో పెట్టుకోమన్నాను. కావడి ఎదురైతే కొండ గోడ వైపుకు ఒదిగి, ఆయన దాటేదాకా కదలొద్దన్నాను.