రూపాయి దిగిందా, జారిందా?

నమస్తే అండి. డాలరుతో రూపాయి కాస్త పడితే చాలు, "చూశారా, మళ్లీ డీవాల్యుయేషన్ చేసేశారు" అని ఎవరో ఒకరు పోస్టు పెడతారు. ఒళ్లు మండుతుంది నాకు. చేసేశారట! ఎవరండీ చేసింది?

ఒక మనిషి మెట్ల మీద ఉన్నాడనుకోండి. కావాలని ఓ మెట్టు దిగాడు. అది డీవాల్యుయేషన్, అంటే సర్కారే కావాలని రూపాయి విలువ తగ్గించడం, మన పాఠ్యపుస్తకాల భాషలో మూల్యహీనీకరణ. కాలు జారి కిందికొచ్చాడు. అది డిప్రిసియేషన్, అంటే మార్కెట్లో దానంతటదే విలువ పడిపోవడం. కిందికి రావడం రెండిట్లోనూ ఉంది. కానీ దిగినవాణ్ని "ఎందుకు దిగావు" అని నిలదీయొచ్చు, జారినవాణ్ని అలా అడగలేం.

దిగాలంటే ముందు మెట్లుండాలి. అంటే డాలరుకు ఇన్ని రూపాయలని సర్కారే రేటు కట్టి ఉంచాలి. 1966 జూన్‌లో అలాగే ఉంది. ఇందిరా గాంధీ ప్రభుత్వం 4.76 రూపాయల డాలరును ఒక్కసారిగా 7.50 చేసింది. మెట్టు కాదు, ఏకంగా నాలుగైదు మెట్లు దూకేసినట్టు!

[స్క్రీన్ మీద: 4.76 → 7.50]

ఇక్కడ ఇంకో తిరకాసు. ఒకరు 57.5 శాతం అంటారు, ఇంకొకరు 36.5 అంటారు. ఇద్దరిదీ కరెక్టే. డాలరు ధర 57.5 శాతం పెరిగింది. అదే రూపాయి వైపు నుంచి చూస్తే, అంతకుముందు రూపాయికి 21 సెంట్లు వచ్చేవి, ఇప్పుడు 13 చిల్లర. తగ్గింది 36.5 శాతం. మనవాళ్లు వాదనకు ఏది పనికొస్తే అది ఎత్తుకుంటారు, అది వేరే విషయం.

1991లో రెండు మెట్లు. జూలై 1న ఒకటి, జూలై 3న రెండోది. ఈ పనికి లోపల పెట్టుకున్న రహస్యప్పేరు "హాప్, స్కిప్ అండ్ జంప్". మొదటి మెట్టుకే గగ్గోలు లేచేసరికి పీవీ నరసింహారావు రెండోది ఆపమన్నారు. అప్పటి ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ రిజర్వ్ బ్యాంకులో డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కు ఫోన్ చేసేలోగా రెండో అడుగు పడిపోయింది!

1993 మార్చి నుంచి రేటును మార్కెట్‌కు వదిలేశారు. మెట్లు తీసేసి ర్యాంపు కట్టినట్టు. ఇక దిగడం అనే మాటే లేదు, జారడమో పైకి పాకడమో. రిజర్వ్ బ్యాంకు డాలర్లు అమ్మడం రెయిలింగ్ పట్టుకోవడం లాంటిది, జారుడు నెమ్మదిస్తుంది. ఆ పట్టు కాస్త సడలించినా డీవాల్యుయేషన్ అనకండి, ప్లీజ్.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రూపాయి పడితే ఎగుమతిదారుకు లాభం, పెట్రోలు దిగుమతికి భారం, ఇది దిగినా జారినా ఒకటే. కామర్స్ వాళ్లు మిషన్ల మీద రాసే డిప్రిసియేషన్ వేరు, అది అరుగుదల లెక్క. ఇక 2016 నవంబర్ 8న జరిగింది నోట్ల రద్దు. కొన్ని నోట్లు చెల్లవన్నారు, అంతే. రూపాయి మారకం రేటును ఆ రాత్రి ఎవరూ దించలేదు. అది డీమానిటైజేషన్. దాన్నీ డీవాల్యుయేషన్ అని రాసేవాళ్లున్నారు, వాళ్లకు ఈ లింకు పంపండి.