అక్క చాయ్‌లో ముంచిన సకినం

వేదిక మీది పెద్దలకు, పరకాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆశ అక్కలకు, అంగన్‌వాడీ టీచర్లకు నమస్కారం. అందరి పేర్లు చెప్పాలని ఉంది గానీ, మీకు మళ్లీ బస్సుల టైమ్ అవుతుంది.

గర్భిణుల పోషకాహారం గురించి మాట్లాడమన్నారు. నేను పండ్ల డాక్టర్ని, తినే పండ్లు కాదు, నోట్లో పండ్లు. కాబట్టి నోటి దగ్గరే మొదలుపెడతాను.

ఏడో నెలలో మా అక్కను తల్లిగారింటికి తీసుకొచ్చాం. సంక్రాంతి రోజులు. అమ్మ సకినాలు చుట్టింది. అక్కకు సకినాలంటే ప్రాణం. ఒకటి తీసుకుంది, చాయ్‌లో ముంచింది, మెత్తబడేదాకా ఆగి మింగింది. ఏమైందే అని అడిగితే చెప్పలేదు. తెల్లారి దిండు మీద రక్తం మరకలు కనబడ్డాయి. దవాఖానకు తీసుకుపోతే, "కడుపుతో ఉన్నప్పుడు పండ్ల జోలికి పోవద్దు, కాన్పయ్యాక రండి" అని పంపించారు. ఇంట్లో పెద్దవాళ్లు "కాన్పుకో పన్ను పోవుడు మామూలే" అన్నారు. అక్క జొన్నరొట్టె మానేసింది. పల్లీలు మానేసింది. చారు, మెత్తన్నం, అంతే. పోషకాహారం అంటున్నాం కదా, ఆమెకు రాసిచ్చిన చీటీలో అన్నీ ఉన్నాయి. నమలడమే కాలేదు.

ఆ ఏడాదిలోనే మూడు పండ్లు కదిలి ఊడిపోయాయి. అప్పటి నుంచి నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. పెళ్లిళ్లకు రావడం మానేసింది. రాత్రిళ్లు ఏడ్చేది. బాలింత గదా, అదే తగ్గుతుందిలే అనుకున్నాం. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నాకూ తోచలేదు.

బిడ్డ ఎముకలకు కావలసిన కాల్షియం తల్లి పండ్లలోంచి పోతుంది, అందుకే పన్ను ఊడుతుంది అనుకుంటారు. అట్లా పోదు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు పెరుగుతాయి, దాంతో పండ్ల మీది గారకు, అందులోని సూక్ష్మజీవులకు చిగుళ్లు మామూలు కన్నా ఎక్కువగా వాస్తాయి. ముట్టుకుంటే రక్తం వస్తుంది. మామూలే అని వదిలేస్తే లోపలి ఎముక కరిగి పన్ను కదులుతుంది. పన్ను పోయేది అట్లా.

ఈ "మామూలే" అన్న మాట మీద నాకు చాలా కోపం. కడుపులో పుండుకు కారం, టెన్షన్ కారణమని డాక్టర్లే ఏళ్ల తరబడి చెప్పారు. వరంగల్ మిర్చి పండించే మనకు ఆ నింద ఇంకా బాగా తెలుసు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు అది కాదు, హెలికోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి అన్నాడు. ఎవరూ నమ్మకపోతే 1984లో ఆ సూక్ష్మజీవుల్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఆయనకు, ఆయనతో కలిసి పనిచేసిన డాక్టరు రాబిన్ వారెన్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. మన ఇళ్లల్లో ఆడవాళ్ల నోట్లో రక్తం గురించి అంత పట్టుదల ఎవరు పట్టారు?

ఒకటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. చిగుళ్ల జబ్బున్న తల్లుల్లో నెలలు నిండకముందే కాన్పులు ఎక్కువని చాలా పరిశోధనల్లో కనబడింది. కానీ అమెరికాలో 800 మందికి పైగా గర్భిణులతో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, చిగుళ్లకు వైద్యం చేసినా ఆ కాన్పులు తగ్గలేదు. కాబట్టి పండ్లు బాగు చేయిస్తే నెలలు నిండుతాయని ఎవరికీ మాటివ్వకండి. అదే పరిశోధనలో ఇంకోటి తేలింది: ఆ వైద్యం వల్ల తల్లికీ బిడ్డకూ హాని జరగలేదు, చిగుళ్లు బాగుపడ్డాయి. మా అక్కను వెనక్కి పంపాల్సిన పనే లేదు!

అక్కలారా, మీ ఊళ్లో ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్లు మీకు పేరుపేరునా తెలుసు. ఈసారి ఇంటికి పోయినప్పుడు బీపీ, రక్తం మాత్రలతో పాటు రెండు మాటలు అడగండి: "తోముకుంటే రక్తం వస్తుందా? రొట్టె నమలగలుగుతున్నావా?" వస్తుందంటే నాలుగు నుంచి ఆరో నెల మధ్య పండ్ల డాక్టరు దగ్గరికి పంపండి, అప్పుడు కుర్చీలో పడుకోవడం తేలిక. నొప్పి, వాపు ఉంటే ఏ నెలైనా ఆగొద్దు. తంబాకుతో పండ్లు తోమే అలవాటుంటే మెల్లగా మాన్పించండి. కాన్పయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకునే పిల్ల కనిపిస్తే పక్కన కూర్చొని మాట్లాడించండి.

వెనక బల్ల మీద టార్చ్‌లైట్లు పెట్టించాను. అన్నానికి పోయేముందు పక్కనున్నామె నోరు ఒకసారి చూడండి. ఎర్రగా ఉబ్బిన చిగురు ఎట్లుంటుందో నేను దగ్గరుండి చూపిస్తాను.