ఆగిపోనంత మాత్రాన సరిగ్గా లెక్కిస్తున్నట్టేనా?

అధ్యక్షులవారికీ, ఈ సభ ఏర్పాటు చేసిన మిత్రులకూ, ఓపికగా వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచిమాటల్లో సగం మాత్రమే నమ్మినా నాకు ఎక్కువే. నాకు ఇచ్చిన అంశం ‘డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్, దాన్ని చల్లగా ఉంచే పద్ధతులు’ అని ఆహ్వానపత్రంలో అచ్చయింది. ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. ఆ పద్ధతులు తప్పకుండా చెబుతాను. అయితే ఎన్నో ఏళ్లుగా మనసులో పెట్టుకున్న మాట ఒకటి ఉంది. వేదిక దొరికింది కాబట్టి దాన్ని ముందే బయటపెడతాను. ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్ ఆగిపోకుండా నడుస్తుంటే అంతా బాగానే ఉందని మనం అనుకుంటాం. అది ఆగకుండానే తప్పులు చేస్తూ ఉండవచ్చు. నా యంత్రం ఆ పని చేసింది, నేను చాలాకాలం గమనించలేదు.

మా తరంవాళ్లకు ఈ సరదా అంటుకున్న కాలం వేరు. 1998లో ఇంటెల్ తెచ్చిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌లో మల్టిప్లయర్, అంటే బస్సు వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె, 4.5 దగ్గర తాళం వేసి ఉండేది. బస్సు, అంటే ప్రాసెసర్‌నూ మిగతా భాగాలనూ కలిపే దారి, వేగం 66 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డులో ఆ 66ను 100గా మారిస్తే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 దగ్గర నడిచేది. ఆ తరవాత వచ్చిన ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ ప్రాసెసర్ల పైభాగాన తెగి ఉన్న సన్నని గీతలను మామూలు పెన్సిలుతో దిద్ది, ఆ గ్రాఫైట్ గుండా కరెంటు పారేలా చేసి, మల్టిప్లయర్ తాళం తీసేవాళ్లం. ప్రాసెసర్ మీద పెన్సిలు పెట్టడమంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. వేగం ఊరికే దొరుకుతుందన్న భ్రమ మాలో పాతుకుపోయింది అప్పుడేనని నా అనుమానం.

ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసినకొద్దీ వోల్టేజిని కూడా అదే పాళ్లలో తగ్గించవచ్చనీ, కాబట్టి చిప్పులో ఒక్కో చదరపు మిల్లీమీటరులో పుట్టే వేడి పెరగదనీ 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. దాదాపు మూడు దశాబ్దాలపాటు ఆ సూత్రం పరిశ్రమను నడిపించింది. 2000ల మధ్యకు వచ్చేసరికి ట్రాన్సిస్టర్ ఆపి ఉన్నప్పుడు కూడా కారిపోయే లీకేజి కరెంటు అడ్డుపడి వోల్టేజి ఇక కిందికి దిగలేదు. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్ 2004లో ఆ ప్రయత్నాన్నే విరమించుకుంది. అంతపెద్ద సంస్థను వెనక్కి నెట్టిన వేడితోనే మనం ఇంట్లో కూర్చుని స్క్రూడ్రైవర్ పట్టుకుని తలపడుతున్నాం.

ఒక చిన్న లెక్క చేద్దాం, కాగితం ఉన్నవారు రాసుకోండి. ప్రాసెసర్ పనిచేస్తున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తులో పెద్దభాగం క్లాకు వేగానికి అనులోమంగానూ, వోల్టేజి వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. 1.20 వోల్టుల దగ్గర 4.0 గిగాహెర్ట్జ్ నడిచే ప్రాసెసర్‌ను 4.6కు తీసుకువెళ్లడానికి 1.35 వోల్టులు ఇవ్వవలసి వచ్చిందనుకుందాం. వేగం 15 శాతం పెరిగింది. వోల్టేజి పెరిగింది ఎనిమిదోవంతే గాని, వర్గం కట్టేసరికి అది 1.27 రెట్లయింది, దాన్ని వేగంతో గుణిస్తే 1.46 రెట్లు. అంటే 15 శాతం వేగానికి 46 శాతం అదనపు వేడి. వేడెక్కిన సిలికాన్‌లో లీకేజి మరింత పెరుగుతుంది కాబట్టి అసలు వేడి ఈ లెక్కను కూడా దాటుతుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెర బయాస్‌లో మల్టిప్లయర్ ఒక అంకె పెంచడం క్షణం పని. ఆ క్షణంలో కూలర్ మీద ఎంత బరువు వేశామో తెరమీద ఎక్కడా కనిపించదు.

ఆ వేడి బయటికి వెళ్లే దారిని ఒక్కసారి వెంబడించి చూడండి. గోరంత సిలికాన్ ముక్కలో పుట్టిన వేడి పైనున్న లోహపు మూతలోకి, అక్కడినుంచి థర్మల్ పేస్ట్ గుండా కూలర్ అడుగునున్న రాగి దిమ్మలోకి, దాంట్లోంచి హీట్‌పైపుల ద్వారా పలచని అల్యూమినియం రేకుల్లోకి, ఫ్యాను గాలిలోకి, క్యాబినెట్ వెనక ఫ్యాను గుండా గదిలోకి పోవాలి. హీట్‌పైపును చాలామంది గట్టి రాగి కడ్డీ అనుకుంటారు. అది బోలుగా ఉండే గొట్టం. లోపలి గాలిని తోడేసి కొద్దిగా నీళ్లు ఉంచుతారు. ఆ తక్కువ ఒత్తిడిలో నీరు తక్కువ వేడికే ఆవిరై, చల్లని కొసకు చేరి, అక్కడ మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకున్న గుల్లపొర ద్వారా దీపపు వత్తిలో నూనె పాకినట్టు వెనక్కి వస్తుంది. కూలర్ ఊడదీసి చూపించిన ప్రతిసారీ నన్ను మురిపించే భాగం ఇదే.

ఈ దారిలో అందరూ పొరబడేది పేస్ట్ దగ్గర. రాగి ఉష్ణవాహకత మీటరు కెల్విన్‌కు సుమారు 400 వాట్లు. మంచి పేస్ట్‌కు పదికి అటూ ఇటూ ఉంటుంది. నిశ్చలమైన గాలికి 0.026 మాత్రమే. నున్నగా కనిపించే రెండు లోహపు ముఖాల మధ్య కంటికి కనిపించని గుంటల్లో దాక్కున్న గాలిని వెళ్లగొట్టడానికే పేస్ట్ రాస్తాం. కాబట్టి ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం పొరపాటు. మందంగా మిగిలిన పేస్ట్ కూడా రాగి ముందు అడ్డుగోడే. పేస్ట్‌కు బదులు ద్రవలోహం రాసుకునేవారు మీలో ఉంటే ఒక హెచ్చరిక: దాంట్లోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కరెంటును ప్రవహింపజేస్తుంది.

ఇక నా కథకు వస్తాను. వరసలో ఇది చివరికి రావలసింది, కాని పేస్ట్ పేరెత్తాక ఆగలేను.

కొన్నేళ్ల కిందట నాలుగు కోర్ల ప్రాసెసర్‌తో ఒక యంత్రం కట్టుకున్నాను. చలికాలం రాత్రి, కిటికీ తెరిచి ఉంది. 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర గంటసేపు పరీక్ష నడిపితే 78 డిగ్రీలు దాటలేదు. తెరను ఫొటో తీసి నలుగురికీ చూపించాను. ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఖాళీ స్థలం కోసం ఇంటివాళ్ల పాత ఫొటోల ఫోల్డర్లను కుదించి, జిప్ ఫైళ్లుగా చేసి, అసలు ఫోల్డర్లను తుడిచేశాను. యంత్రం ఆగలేదు, నీలితెర రాలేదు, ఫ్యాను చప్పుడు కాస్త పెరిగిందంతే. రెండు నెలల తరవాత వాటిలో ఒకటి తెరిస్తే చెక్‌సమ్, అంటే లోపలి సమాచారం చెడిందో లేదో పట్టి చూపే అంకె, కలవడం లేదని వచ్చింది.

మొదట డిస్కును అనుమానించి కొత్తది కొన్నాను. తరవాత మెమరీని అనుమానించి రాత్రంతా పరీక్ష పెట్టాను. ఒక్క తప్పూ రాలేదు. రాత్రి చల్లగా ఉంటుందని, అందుకే తప్పు రాలేదని నాకు తట్టలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఒకే ఫోల్డర్‌ను మూడుసార్లు కుదించి, మూడు ఫైళ్ల హ్యాష్ విలువలు, అంటే ఫైలులో ఒక్క బిట్టు మారినా మారిపోయే అంకెల వరసలు, పక్కపక్కన పెట్టి చూశాను. రెండు ఒకటే. మూడోది వేరు. అప్పుడు ప్రాసెసర్ 89 డిగ్రీల దగ్గర ఉంది. ఆ రెండు వరసల అంకెలను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను.

కూలర్ విప్పాను. పేస్ట్ అచ్చు చూడగానే సంగతి అర్థమైంది. ఒక మూల లోహం మెరుస్తూ కనిపించేంత పలచగా ఉంది, ఎదుటి మూల ముద్దగా పేరుకుని ఉంది. బిగించేటప్పుడు ఒక స్క్రూను చివరిదాకా తిప్పేసి, ఆ తరవాత గాని ఎదురుమూల స్క్రూను ముట్టుకోలేదన్నమాట. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది రాసి, ఎదురెదురు స్క్రూలను రెండేసి చుట్ల చొప్పున బిగిస్తే అదే వోల్టేజి దగ్గర 9 డిగ్రీలు తగ్గింది. అయినా 4.4 దగ్గర ఎప్పుడో ఒక తప్పు వస్తూనే ఉంది. 4.3కు దింపాక రావడం మానింది. ఆ ఫొటోల్లో కొన్ని మాత్రం తిరిగి రాలేదు.

ఎందుకిలా జరిగిందో చెప్పుకోవాలి. ఒక క్లాకు చుట్టు ముగిసేలోగా సంకేతం దారి చివరికి చేరాలి. వేగం పెంచితే ఆ గడువు తగ్గుతుంది. వోల్టేజి పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా మారతాయి. అధిక వోల్టేజి దగ్గర నడిచే చిప్పు వేడెక్కితే అవి మళ్లీ మందగిస్తాయి, తీగల నిరోధం పెరుగుతుంది. గడువుకు వెంట్రుకవాసి అటుగా చేరిన సంకేతం వల్ల సున్నా ఒకటిగా నమోదవుతుంది. అది పాయింటరులో, అంటే మెమరీలో ఎక్కడ చూడాలో చెప్పే చిరునామాలో పడితే యంత్రం కూలుతుంది. ఫొటోలో పడితే యంత్రానికేమీ కాదు.

అందువల్ల పరీక్ష అంటే యంత్రం బతికి ఉందా అని చూడటంతో సరిపెట్టకండి, జవాబు సరైనదా అని చూడండి. మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం, అంటే రెండును పదేపదే గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల కోసం, 1996లో మొదలైన అన్వేషణ నుంచి వచ్చిన ప్రైమ్95 అనే ప్రోగ్రాం నాకు అందుకే ఇష్టం. బ్రహ్మాండమైన సంఖ్యలను దశాంశాలతో గుణిస్తూ, వచ్చిన విలువ పూర్ణాంకానికి ఎంత దగ్గరగా ఉందో అది చూసుకుంటుంది. రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ రావాలి అని అది ఫిర్యాదు చేసిందంటే ఏ పూర్ణాంకానికి దగ్గరో తేల్చుకోలేకపోయిందన్నమాట. అప్పుడు మౌసు కదులుతూనే ఉంటుంది, పాట వినిపిస్తూనే ఉంటుంది. విండోస్ తనలో జరిగినవన్నీ రాసి చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సరిదిద్దిన హార్డ్‌వేర్ తప్పులు నమోదవుతున్నాయేమో కూడా వెతకండి. దయచేసి గదిలో అన్నిటికన్నా వేడి ఎక్కువగా ఉండే వేళ పరీక్షించండి. గాలితోనైనా నీటితోనైనా గది వేడి కన్నా కిందికి ప్రాసెసర్‌ను దింపలేం. గది 12 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా కనీసం అంతే వేడెక్కుతుంది.

నీటి కూలర్ల గురించి చెప్పమని ముందువరసలోంచి ఒకరు సైగ చేస్తున్నారు. అవి వేడిని మాయం చేయవు, పెద్ద రేడియేటర్ దాకా మోసుకుపోతాయి. పంపు ఆ వలయంలో అన్నిటికన్నా ఎత్తున ఉండకుండా చూసుకోండి, లేకపోతే గాలిబుడగలు దాంట్లోనే చేరతాయి. ద్రవ హీలియంతో 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్‌ను 8.4 గిగాహెర్ట్జ్ దాటించినవారిని చూసి నేనూ చప్పట్లు కొట్టాను. అక్కడ తెర ఫొటో తీసేదాకా నిలబడితే చాలు. మనం కుటుంబం ఫొటోలు దాచుకుంటాం.

ఇప్పటి ప్రాసెసర్లు తమ వేడినీ కరెంటునూ చూసుకుంటూ తమంతట తామే వేగం పెంచుకుంటాయి కాబట్టి మనకు మిగిల్చింది తక్కువే. నేను ఇప్పుడు చేసేది తలకిందులు పని: వేగం జోలికి పోకుండా వోల్టేజిని కొద్దికొద్దిగా తగ్గించి చూస్తాను. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి వల్ల లోపల దెబ్బతిని నిలకడ కోల్పోయాయి. 2024లో సంస్థ ప్రాసెసర్ లోపలి సూచనలైన మైక్రోకోడ్ మార్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అవన్నీ ఓవర్‌క్లాక్ చేసినవి కావు. వోల్టేజిని తగ్గించినా తప్పులు రావచ్చు, కాబట్టి పరీక్ష మాత్రం అదే, అంతసేపూ చేయాలి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఆ పాత కూలర్‌ను వెంట తెచ్చాను, ఈ బల్లమీద ఉంది. దాన్ని ఒక చెడిపోయిన ప్రాసెసర్ మీద కావాలనే ఒకవైపు ముందు బిగించి పెట్టాను. ఇప్పుడు విప్పుతాను, దగ్గరికి వచ్చి అచ్చు చూడండి. పేస్ట్ బట్టలకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు, చేతులు మాత్రం కాస్త దూరంగా పెట్టుకోండి.