వెన్నుపాములో మిగిలిన రెండు మిల్లీమీటర్లు

అందరికీ నమస్కారం.

వెన్నుపాముకు దెబ్బ తగిలితే ఇంట్లోవాళ్లు డాక్టరును అడిగేది ఒకటే: మళ్లీ నడుస్తాడా? మొదటి వారంలో ఎంత పెద్ద డాక్టరైనా దీనికి తడుముకోకుండా జవాబు చెప్పలేడు. ఆ జవాబుకు ఎమ్మారై ఎంతవరకు సాయపడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇవాళ చెబుతాను.

ముందుగా ఒక తేడా. వెన్నెముక అంటే ఎముకల వరస. దాని లోపల నడిచే నాడుల కట్ట వెన్నుపాము. పొడవు సుమారు 45 సెంటీమీటర్లున్నా, మెడ దగ్గర ముందు నుంచి వెనక్కి కొలిస్తే 7, 8 మిల్లీమీటర్లకు మించదు. మన చిటికెన వేలు అంతకంటే మందం. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే, సీటీ స్కాన్ చక్కగా చెబుతాయి కానీ, లోపలి నాడుల సంగతి వాటికి పెద్దగా పట్టదు. ఎక్స్‌రేలో ఏ లోపమూ లేకుండానే కాళ్లూ చేతులూ పడిపోయిన పిల్లల గురించి 1982లో పాంగ్, విల్‌బెర్గర్ అనే ఇద్దరు వైద్యులు రాశారు. ఎమ్మారై వాడకంలోకి వచ్చాక అలాంటి పిల్లల్లో చాలామందికి వెన్నుపాములోనే వాపో, రక్తపు మరకో కనిపించింది.

దెబ్బ తీవ్రతను డాక్టర్లు చేత్తో పరీక్షించి నిర్ణయిస్తారు. సూదిమొన, దూది తాకించి స్పర్శ చూస్తారు, కండరాల బలం చూస్తారు, ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు గ్రేడు ఇస్తారు. ‘ఎ’ అంటే వెన్నుపాము చిట్టచివరి నాడుల దాకా స్పర్శా లేదు, కదలికా లేదు. మంచి పరీక్షే, కాదనను. కానీ మొదటి రోజుల్లో రోగి వెంటిలేటరు మీద, మత్తులో ఉండొచ్చు. దెబ్బ షాక్‌లో వెన్నుపాము కొంతకాలం మూగబోయి కూడా ఉండొచ్చు. ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బైరన్ కాకులస్ అనే నాడీ రోగనిర్ధారణ నిపుణుడు, చనిపోయినవారి వెన్నుపాములను ఏళ్ల తరబడి సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. బతికుండగా పూర్తిగా పడిపోయారని లెక్కగట్టినవాళ్లలో కూడా, దెబ్బ తగిలిన చోట కొన్ని నాడీ తంతువులు తెగకుండా దాటిపోతూ కనిపించాయి.

మరి అలా మిగిలినదాన్ని బతికున్న మనిషిలో చూడగలమా? ఇటీవలి పరిశోధనలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించే భాగం ఇదే.

దెబ్బ తగిలిన నెలకు వాపు చాలావరకు తీస్తుంది. అప్పుడు వెన్నుపామును నిలువునా, సరిగ్గా నడిమధ్యన కోసినట్టు ఎమ్మారై తీస్తే, దెబ్బ చోట ద్రవం నిండిన గుల్ల తెల్లగా మెరుస్తుంది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం కూడా తెల్లగానే కనిపిస్తుంది. ఈ రెండు తెలుపుల మధ్య, గుల్లకు ముందో వెనకో, సన్నటి నల్లని పట్టీ కనబడితే అది తెగకుండా మిగిలిన కణజాలం. దాన్ని ‘వంతెన’ అంటున్నారు. జ్యూరిక్ పరిశోధకులూ, మరికొన్ని దేశాలవాళ్లూ ఈ వంతెన వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి, తర్వాత ఎవరు ఎంత కోలుకున్నారో పోల్చి చూశారు. వంతెన వెడల్పుగా ఉన్నవాళ్లు మెరుగ్గా కోలుకున్నారు. దెబ్బ ఎంత పొడవుందన్న లెక్క కంటే ఈ మిగులు లెక్కే నాకు అర్థవంతంగా తోస్తుంది.

అయితే ఇందులో ఒక పేచీ ఉంది. కాళ్లూ చేతులకు ఆజ్ఞలు మోసే ముఖ్యమైన నాడీ మార్గం వెన్నుపాముకు పక్కల నుంచి వెళుతుంది. నడిమధ్య చిత్రంలోకి అది రానే రాదు. అంటే మనం మధ్యలో కొలిచి, పక్కన ఏముందో ఊహిస్తున్నాం. పైగా ఆ చిత్రంలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు ఉంటే, రెండు మిల్లీమీటర్ల వంతెన అంటే నాలుగు చుక్కలు! గీత ఒక చుక్క అటో ఇటో పడితే పావువంతు తేడా వచ్చేసినట్టే.

ఇక కదలిక సంగతి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వెన్నుపాము చుట్టూ ద్రవం ఉరుకుతుంది, దాంతోపాటు వెన్నుపామూ కాస్త కదులుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో గాలి మారి అయస్కాంత క్షేత్రమే చెదురుతుంది. మెడ స్కాన్‌లో రోగి ఒక్క గుటక వేసినా బొమ్మ చెడొచ్చు. నీటి అణువుల కదలికను బట్టి తంతువుల దారి పసిగట్టే డిఫ్యూజన్ పద్ధతిలో ఈ బెడద మరీ ఎక్కువ. అందుకే వేలికి చిన్న క్లిప్పు తగిలించి నాడి పడుతుంటారు. ద్రవం నెమ్మదించిన క్షణంలోనే యంత్రం చిత్రం తీస్తుంది. స్కాన్ బాగా ఆలస్యమవుతుంది, రోగికి విసుగొస్తుంది. వేరే దారి లేదు.

యంత్రం మారితే కొలత మారకూడదు కదా. దాని కోసం మాంట్రియల్ పాలిటెక్నిక్‌లో జూలియన్ కోహెన్-అదాద్ బృందం చేసిన పని పెద్దది. వాళ్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ‘స్పైనల్ కార్డ్ టూల్‌బాక్స్’ వెన్నుపాము అంచులను తానే గీస్తుంది. 2021లో వాళ్లూ, 40కి పైగా కేంద్రాలూ కలిసి, ప్రధాన కంపెనీల 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం) ఎమ్మారై యంత్రాలకు ఒకే స్కానింగ్ పద్ధతిని బయటపెట్టారు. ఇలాంటి పనికి చప్పట్లు పడవు. నన్నడిగితే కొత్త ఏఐ మోడల్ ఒకటి తేవడం కంటే ఇది గొప్ప పని.

దెబ్బ చోటు నుంచి కాస్త పైకి వెళ్దాం. జ్యూరిక్‌లోనే పాట్రిక్ ఫ్రాయిండ్ బృందం, కొత్తగా దెబ్బ తగిలిన కొద్దిమందిని ఏడాదిపాటు మళ్లీ మళ్లీ స్కాన్ చేసి 2013లో ఫలితాలు వెల్లడించింది. దెబ్బకు పైన, గాయమే లేని చోట, వెన్నుపాము నెలనెలా సన్నబడుతూ వచ్చింది. తక్కువ సన్నబడినవాళ్లు ఏడాది తర్వాత తమ పనులు తాము మెరుగ్గా చేసుకోగలిగారు. ఈ కొలతలో ఒక సుఖం ఉంది. ఆపరేషన్‌లో బిగించిన మరలు దెబ్బ చోట బొమ్మను చెరిపేస్తాయి. ఆ లోహానికి దూరంగా మెడ పైభాగంలో కొలిస్తే, చాలామందిలో ఆ గొడవే ఉండదు.

చివరగా, మందుల పరీక్షల సంగతి. ఒకే ‘ఎ’ గ్రేడు ఉన్న ఇద్దరిలో ఒకరికి మూడు మిల్లీమీటర్ల వంతెన ఉండి, ఇంకొకరికి అసలేమీ లేదనుకోండి. వాళ్లను ఒకే గుంపులో వేసి కొత్త మందు ఇస్తే, మొదటివాడు తనంతట తాను కోలుకున్నా ఆ పేరు మందుకు పోతుంది. లేదా రెండోవాడి వల్ల పనిచేసే మందు కూడా దండగ అనిపిస్తుంది. కాబట్టి పరీక్షలు రూపొందించేవాళ్లు గుంపులు విడదీసే ముందే నెలనాటి ఎమ్మారై తెప్పించి, వంతెన కొలవాలని నా అభిప్రాయం. మొదటి రోజుల్లోనే ఇవ్వాల్సిన మందులకు ఈ ఉపాయం కుదరదు. అప్పటికి వాపు తీయదు, వంతెన కనబడదు. అక్కడ తొలిరోజు స్కాన్‌లోని రక్తస్రావం, వాపు పొడవులతోనే ప్రస్తుతానికి సరిపెట్టుకుంటున్నాం.

ఇక మీ ప్రశ్నలు అడగండి.