"ఏ పరీక్షకమ్మా?": కెరీర్ కోచ్ దగ్గర అసలు ఏం జరుగుతుంది

[దృశ్యం: గుంటూరు బ్రాడీపేట, ఉదయం. లైన్ల పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు. భుజాన సంచులతో నడిచి వెళ్తున్న విద్యార్థులు.]

వాయిస్: నమస్కారం. గుంటూరులో ఎవరితోనైనా "కోచ్ దగ్గరకు వెళ్తున్నాను" అని చెప్పి చూడండి. "ఏ పరీక్షకు?" అని అడుగుతారు. మా అమ్మ కూడా అదే అడిగింది. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, డీఎస్సీ... బ్రాడీపేటలో నిలబడి తలెత్తితే కనిపించే బోర్డులన్నీ అవే కదా. ఉద్యోగం రావడానికి కోచింగ్ ఉంటుందని మనకు తెలుసు. పన్నెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషికి, అదీ బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మనిషికి మళ్లీ కోచ్ ఎందుకు? అమ్మ సందేహం న్యాయమైనదే. ఈ వీడియో ఆమె కోసమే అనుకోండి.

[దృశ్యం: రైల్వే ప్లాట్‌ఫారం. ఆగి ఉన్న రైలు పెట్టె మీద కోచ్ నంబరు.]

వాయిస్: "కోచ్" అన్న మాట హంగరీలోని కోచ్ అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడ తయారైన గుర్రపుబండ్లకు ఆ ఊరి పేరే స్థిరపడింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ను కోచ్ అని పిలవడం మొదలుపెట్టారు. అంటే అమ్మ అడిగిన ప్రశ్నలో చరిత్ర కూడా ఉంది. ఈ మాట మనుషులకు అంటుకున్నది పరీక్షల దగ్గరే. క్రీడల్లోకి, ఉద్యోగాల్లోకి ఆ తర్వాతే వెళ్లింది.

నేను చెప్పబోయే కెరీర్ కోచ్ మాత్రం పాఠం చెప్పరు. సిలబస్ ఉండదు. "మీరు ఫలానా ఉద్యోగానికి మారండి" అని సలహా కూడా ఇవ్వరు. మన రంగంలోనే తలపండిన పెద్దాయన సలహా ఇస్తే అది మార్గదర్శనం, దాని విలువ దానికుంది. కోచ్ పని అడగడం. మనం చెప్పింది మనకే వినిపించేలా అడగడం, ఒప్పుకున్న పని చేశామా లేదా అని మళ్లీ అడగడం.

[దృశ్యం: చిన్న గది. రెండు కుర్చీలు, బల్ల మీద రూళ్ల నోటుపుస్తకం, మంచినీళ్ల గ్లాసు.]

వాయిస్: కోచ్‌తో నా మొదటి సమావేశం గంటసేపు జరిగింది. ముందే సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఐదు నిమిషాల్లో చెప్పేశాను. "నాకు గ్రోత్ కావాలి. ఇక్కడ గ్రోత్ లేదు." ఆవిడ పూర్తిగా విని అడిగారు: "గ్రోత్ అన్నారు. ఆ మాట తెలుగులో చెప్పండి."

ఎదుగుదల అన్నాను.

"ఎదిగాక మీ సోమవారం ఎలా ఉంటుంది? పొద్దున పదిన్నరకు మీరెక్కడ ఉంటారు? ఎదురుగా ఎవరుంటారు?"

నాకు మాట రాలేదు. ప్రమోషన్ గురించి అన్నేళ్లు ఆలోచించాను కానీ, అది వచ్చాక పొద్దున పదిన్నరకు ఏం చేస్తుంటానో ఒక్కసారి కూడా ఊహించుకోలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి నా నోటి నుంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది: "ఎదురుగా రైతు ఉంటాడు."

[దృశ్యం: మిర్చి యార్డు. ఎర్రటి కుప్పలు, వరసగా పేర్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు). కోల్డ్ స్టోరేజీ గేటు ముందు ట్రాక్టర్లు.]

వాయిస్: ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పంట రుణాల విభాగంలో ఉండేదాన్ని. ధర పడిపోయినప్పుడు రైతు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ఆ రసీదు మీద బ్యాంకు రుణం ఇస్తుంది. వడ్డీ ఎంత పడుతుంది, అద్దె ఎంత, ఎన్ని నెలలు ఆగితే గిట్టుబాటు, ఎప్పుడు అమ్ముకోవడం మేలు... ఇవన్నీ కాగితం మీద లెక్క వేసి చూపించేదాన్ని. ఆ తర్వాత నన్ను లోపలి సీటుకు మార్చారు. ఫైళ్లు, లక్ష్యాల పట్టికలు. జీతం పెరిగింది. నాకు కరవైంది పదోన్నతి అనుకుంటూ వచ్చాను. నిజానికి కరవైంది ఆ కాగితం మీది లెక్క.

"గ్రోత్" అన్నంతసేపూ ఆ సంగతి బయటపడలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: కోచ్‌తో మాట్లాడేటప్పుడు మీరు కలలు కనే భాషలో మాట్లాడండి. అరువు మాటల వెనక దాక్కోవడం చాలా సులువు.

[తెరపై నాలుగు మాటలు ఒకదాని తర్వాత ఒకటి: గమ్యం, స్థితి, దారులు, పూనిక.]

వాయిస్: చాలామంది కోచ్‌లు ఈ నాలుగు మెట్ల పద్ధతి వాడతారు. ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నారు, ఏయే దారులున్నాయి, వాటిలో దేనికి పూనుకుంటారు. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన వారిలో ముఖ్యుడు బ్రిటన్‌కు చెందిన సర్ జాన్ విట్‌మోర్. ఆయన అంతకుముందు కార్ల రేసర్, 1965లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్. పద్ధతి పేరు గుర్తుండకపోయినా పర్వాలేదు. అసలు బరువంతా నాలుగో మెట్టు మీదే ఉంది. గదిలోంచి బయటకు వచ్చాక, మళ్లీ కలిసేలోపు ఏం చేస్తారన్నదే ఆ మెట్టు.

నాకు మిగిలిన పని చిన్నదే. పంట రుణాలు చూసే అధికారితో ఒక్కసారి మాట్లాడాలి. రెండు వారాలు గడిచినా మాట్లాడలేదు. ఆవిడ మందలించలేదు. "ఏది అడ్డొచ్చింది?" అన్నారు. తీరిక లేదన్నాను. "సరే. తీరిక కాకుండా ఇంకేమైనా?" అన్నారు. అప్పుడు ఒప్పుకున్నాను: ఇక్కడ నెగ్గుకురాలేక వెనక్కి వస్తోందని అనుకుంటారేమోనన్న భయం. ఆ భయాన్ని బయటకు అన్నాక, మూడో రోజు ఫోను చేశాను.

[దృశ్యం: ఇంటి వరండా, సాయంత్రం. తల్లి పక్కన కూర్చున్న కూతురు.]

వాయిస్: ఇక మన ఇళ్ల సంగతి. మన దగ్గర ఉద్యోగం ఒక్కరిది కాదు. ఇంటి రుణం వాయిదా ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి, "బంగారం లాంటి ఉద్యోగం" అని పదిమందికి చెప్పుకున్న నాన్న ఉంటారు. ఇవన్నీ పక్కనపెట్టి "మీ మనసు చెప్పింది చేయండి" అనే కోచ్ మన నేలకు పనికిరారు. మా కోచ్ అడిగిన ప్రశ్న వేరు: "ఈ నిర్ణయంలో ఇంకా ఎవరి మాట లెక్కలోకి వస్తుంది? వాళ్లకు ఏ సంగతి తెలిస్తే నిశ్చింతగా ఉంటారు?" ఆ రాత్రి అమ్మకు జీతం కాగితం చూపించి, విభాగం మారినా ఒక్క రూపాయి తగ్గదని చెప్పాను. అమ్మకు కావలసింది ఆ ఒక్క మాటే. నెలల తరబడి మా మధ్య నడిచిన వాదన పావుగంటలో తేలిపోయింది.

రాజీనామా చేయలేదు. అడిగిన ఏడు నెలలకు మళ్లీ పంట రుణాల సీటు దొరికింది.

[దృశ్యం: ఒప్పంద పత్రం మీద కలం.]

వాయిస్: డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మన దేశంలో ఈ వృత్తికి ప్రభుత్వ లైసెన్సు లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. 1995లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అనే అంతర్జాతీయ సంఘం కోచ్‌లకు గుర్తింపు ఇస్తుంది. మొదటి స్థాయికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావాలి. రెండో స్థాయికి 500 గంటల అనుభవం, పై స్థాయికి 2,500 గంటలు. ఈ గుర్తింపు ఉంటే మంచి కోచ్ అని హామీ లేదు, కానీ ఎన్ని గంటలు చేశారని అడిగే హక్కు మీకుంది. ఎన్ని సమావేశాలు, ఫీజు ఎంత, మధ్యలో మానేస్తే డబ్బు సంగతేమిటి, మాట్లాడుకున్నది ఎవరికీ చెప్పరా... ఇవన్నీ రాతలో ఉండాలి. ఫీజు మీ కంపెనీ కడుతుంటే మరీ జాగ్రత్త. మీ మేనేజరుకు ఏం చేరుతుందో, ఏం చేరదో ముగ్గురూ కూర్చుని ముందే తేల్చుకోండి. ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల దగ్గర, ఈ రోజే కడితే సగం ధర అని తొందరపెట్టేవాళ్ల దగ్గర ఆగకండి.

ఇంకొక్క సంగతి. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బతకాలనిపించకపోవడం... ఇవి కోచ్ చూడవలసినవి కావు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు అక్కడికి ఫోను చేయండి. కెరీర్ కాస్త ఆగినా ఏమీ కాదు.

[దృశ్యం: ఫోను పక్కన తెరిచిన నోటుపుస్తకం. ఖాళీ పేజీ.]

వాయిస్: చాలామంది కోచ్‌లు మొదటి పరిచయ సంభాషణకు ఫీజు తీసుకోరు. ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఫోను పెట్టేశాక ఒక కాగితం మీద రాసుకోండి: ఆ అరగంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారు? వాళ్లు అడిగిన ప్రశ్నల్లో రాత్రి పడుకునేటప్పుడు కూడా గుర్తొచ్చింది ఏది? అలాంటి ప్రశ్న అడిగినవాళ్లకే తిరిగి ఫోను చేయండి.